కృపమ్మకు చెప్పొద్దన్న మాట

ఆళ్లగడ్డలో రవికెలు కుట్టి బతికే కృపమ్మకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మకం కుదరదు. అలాంటి మనిషి, కడుపునొప్పితో లుంగలు చుట్టుకుపోతున్న తల్లి హన్నమ్మను నంద్యాల ఆసుపత్రిలో చేర్చాక ఊరికే ఉంటుందా? అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం.

"కడుపులో పుండు. తగ్గిపోతుందిలే," అన్నాడు డాక్టరు, ఆమె ముఖం చూడకుండా. అక్కడే కృపమ్మ మనసులో పురుగు తొలిచింది. పుండయితే అన్ని ఎక్స్‌రే ఫొటోలు తీయడమెందుకు? తాను వార్డులోకి అడుగుపెట్టగానే నర్సు కమలాక్షమ్మ మాట మింగేస్తోంది. అమ్మ పలకరిస్తే కళ్లు మూసుకుంటోంది. పేదోళ్లని ఏవో మత్తు మందులు పోసి చూస్తున్నారేమో!

పక్క మంచంలో ఉన్న రామసుబ్బమ్మను అడిగింది.

"నువ్వుండేంతసేపు అట్లే పండుకోనుంటాది. నువ్వు పోతానే లేసి నాతో మాట్లాడతాది," అందామె.

కృపమ్మ తల్లికిచ్చే మాత్ర ఒకటి కొంగున ముడేసుకుని, బజారులో మందుల అంగడతనికి చూపించింది.

"ఇది నొప్పికిచ్చేది."

"మరి జబ్బుకు?"

"అది డాక్టర్నే అడుగమ్మా."

ఆసుపత్రికి తిరిగొచ్చి కమలాక్షమ్మ దారికి అడ్డం నిలబడింది. "జబ్బుకు మందియ్యకుండా మాయమ్మను ఏం జేస్తాండారు సిస్టరూ? నిజం జెప్పేదాకా నేను జరగను."

కమలాక్షమ్మ తటపటాయించింది. "దాయమనింది మీయమ్మేనమ్మా. క్యాన్సరు, బాగా ముదిరింది. నా బిడ్డకు మాత్రం చెప్పొద్దని డాక్టరు చేతులు పట్టుకునింది."

కృపమ్మ మంచం దగ్గరికి పోయింది. "లెయ్‌మా. నిద్రపోలేదని తెలుసు. నాకెందుకు చెప్పొద్దంటివి?"

హన్నమ్మ గోడవైపు తిరిగే అంది: "చెప్తే రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసకపోతావ్. మీ నాయన్నీ ఆడికే తీసకపోయి, ఆడనే పూడ్చిపెట్టి వస్తివి. ఆయప్ప సమాధి యాడుందో నేను జూసినానా?"

కృపమ్మ మంచం మీద తల్లి పక్కన కూర్చుంది. తాను ఆసుపత్రిని అనుమానిస్తుంటే, అమ్మ తననే అనుమానిస్తూ పడుకుని ఉంది.

"యాడికీ వద్దులే. ఇంటికి పోదాం," అంది చివరికి.

హన్నమ్మ నమ్మలేదు. బస్సెక్కబోతూ కండక్టరును పిలిచి, "నాయనా, ఇది యాడికి పోతాది?" అని అడిగింది. "ఆళ్లగడ్డకే అవ్వా," అన్నాకే మెట్టు మీద కాలు పెట్టింది. శిరివెళ్ల దాటి తెలిసిన చేలు కనబడేదాకా కిటికీలోంచి కళ్లు తిప్పలేదు. ఆ తర్వాత కూతురి భుజం మీద తలవాల్చి నిజంగానే నిద్రపోయింది.

ఇంట్లో కృపమ్మ కుట్టుమిషను అమ్మ మంచం పక్కకు జరుపుకుంది. సూది వేయడానికి వచ్చే కాంపౌండరు చేతిలోని మందు సీసా లాక్కుని చూడందే అతణ్ణి అమ్మ మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. వానలు మొదలయ్యాక హన్నమ్మ కన్నుమూసింది. ఊరి సమాధుల తోటలో, ఆమె ముందే ఏరుకున్న చోట పూడ్చారు.