రెక్క ముక్కకు జడ కొస

జడ వేసుకుంటుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు, ఒకేలా కనిపించే రెండు రకాల చేపలను డీఎన్‌ఏతో వేరుచేయడం. కేతేపల్లి అంగడిలో చేపలమ్మే అవ్వను అడక్కుండానే, గంపలోని రెండు చేపల రెక్కల చివర్లు కత్తిరించి సీసాల్లో వేశాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "బాణామతి చేస్తవా పిల్లా?"

"పరీక్షకు అవ్వా" అన్నా నమ్మలేదు. జనం మూగారు. అవ్వ నా కత్తెర లాక్కుని నా జడ కొస కత్తిరించి కొంగున ముడేసుకుంది.

"నా చేపలకేమన్నయితే నీ ఎంటికలు నా తాన ఉన్నయ్. యాదిపెట్టుకో."

ఫలితాలొచ్చాక అవ్వ దగ్గరికి వెళ్లి, "ఆ రెండు చేపలూ వేరు వేరు జాతులవ్వా" అన్నాను.

అవ్వ కొంగు ముడి విప్పి, నా జడ కొస నా చేతిలో పెట్టింది.

"నేను గూడ పరీక్ష చేయించిన. నువ్వు మనిషివే. తీస్కపో."