పొడి నాది, పేరు సారుది

మా స్కేలప్ సార్ పోయారని ఆదివారం పొద్దున ఆఫీసు గ్రూపులో చూశాను. నల్లగండ్లలో ఆయన ఫ్లాటుకు వెళ్లేసరికి లిఫ్టు దగ్గర నుంచే జనం. వాచ్‌మన్ కూడా ఏడుస్తున్నాడు. కళ్లు తుడుచుకుంటూనే కుళ్లుకున్నాను. నేను పోతే ఇంతమంది వస్తారా?

మా ఇద్దరి పనీ ఒకే పొడి మీద. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రాల్లో వాడే నల్లటి ఉత్ప్రేరకం. ల్యాబులో, ఫ్లాస్కులో దాన్ని పుట్టించింది నేను. దాన్నే డ్రమ్ములకొద్దీ తయారుచేసే బాధ్యత, అంటే స్కేలప్, ఆయనది. నా పొడిని పెద్ద రియాక్టర్‌లో కూడా నేనే చేసి చూపించాలని నా పంతం. డైరెక్టర్ గారు మాత్రం ప్రతిసారీ ఆయన వైపే తిరిగేవారు.

నా పద్ధతిని ఉన్నదున్నట్టు పెద్ద రియాక్టర్‌లో దింపితే పొడి ఉండలు కట్టింది. నా మొహం మాడిపోయింది. ఆయన నవ్వారు.

"ఏందమ్మా, పావు కిలో బియ్యం వండినట్టే దేగ్ బిర్యానీ వండుతవా? పెద్ద గిన్నెల వేడి జల్దీ బయటికి రాదు. జర ఆగు."

"ఆగడానికి టైమెక్కడుందండీ?"

"ఫికర్ చెయ్యకు. నడుమ గిన్నెల చేసి చూద్దాం."

చిన్నదానికీ పెద్దదానికీ మధ్య ఇంకో గిన్నె లేకుండా ఆయన అడుగు వేసేవారు కాదు. అందులో ఎన్ని బ్యాచ్‌లు పారబోయించారో! చివరికి ద్రావణాన్ని ఒక్కచోట గుమ్మరించకుండా నాలుగు వైపుల నుంచీ సన్నగా పోయించారు. పొడి మెత్తగా దిగింది. అందరూ ఆయన్ని ఎత్తుకున్నంత పని చేశారు. నేనూ చప్పట్లు కొట్టాను, పళ్లు కొరుకుతూ.

మా తమ్ముడి పెళ్లికి పిలిస్తే అక్షింతలు వేసి నేరుగా వంటశాలకు వెళ్లిపోయారు. దేగ్‌ల పక్కన కుర్చీ వేసుకుని వంటమాస్టరుతో పొయ్యి సెగ గురించి ఒకటే ముచ్చట. "ఎవరే ఆయన? ఎంత మంచి మనిషో!" అంది మా అమ్మ. నన్ను ఆ మాట అన్న గుర్తు నాకు లేదు.

నేర్పడంలో మాత్రం దాచుకున్నది లేదు. ఇవాళ నాకు కూడు పెడుతున్న విద్య ఆయనదే. అది ఒప్పుకోవాలన్నా నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన పోయాక మొదటి పెద్ద బ్యాచ్ నాకు అప్పగించారు. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. ఒక్క ఉండ లేకుండా వచ్చింది పొడి. ఆపరేటర్ సీసాలో కొంచెం తీసి ఊపి చూశాడు. "సారుంటే మస్తు ఖుష్ అయితుండె మేడం!" అన్నాడు. నా పేరెత్తలేదు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి డ్రమ్ము మీద ఎవరో సుద్దతో 'సార్ బ్యాచ్' అని రాసి ఉంచారు. చెరిపేద్దామని చెయ్యెత్తాను. చూస్తే, రాసినవాళ్ల సుద్ద జారి చివరి అక్షరం సగమే పడి ఉంది. సుద్దముక్క తీసుకుని దిద్దాను. దిద్దుతున్నంతసేపూ కుళ్లుకుంటూనే ఉన్నాను.