పెళ్ళి కార్డులతో క్రిస్మస్ బంతులు

మా ఇంట్లో పెళ్ళి కార్డు పారెయ్యం. ఎవరి పెళ్ళిదైనా సరే, చెత్తలో వేస్తే అశుభమని మా అత్తగారు అనేవారు. నాకు అశుభం పట్టింపు లేదు గానీ బద్ధకం ఉంది, కాబట్టి ఫలితం ఒకటే. బచేలీ ఇనప గని కాలనీకి వచ్చినప్పటి నుంచీ అందుకున్న కార్డులన్నీ బీరువా మీద ఒక అట్టపెట్టెలో పేరుకున్నాయి.

పోయిన డిసెంబరులో ఆ పెట్టె దించాను. ఈసారి చర్చిలో చెట్టుకు బజారు బంతులు వద్దని, ఇళ్ళల్లో చేసినవే కట్టాలని ఆడవాళ్ళం అనుకున్నాం. ఫోన్లో ఒక వీడియో చూశాను. బొమ్మలున్న పల్చటి కాగితం కత్తిరించి, థర్మోకోల్ బంతి మీద జిగురుతో అతికించి, పైన వార్నిష్ పూస్తున్నారు. డెకూపేజ్ అంటారట. అలాంటి కాగితం మా బజారులో ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు ఈ కార్డులు గుర్తొచ్చాయి. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, వెనక అట్టను వేలితో మెల్లగా రుద్దుతూ పోతే ముందున్న బొమ్మ ఉల్లిపొరలా చేతికొస్తుంది. వార్నిష్ ఆరేదాకా వరండాలో మాత్రం పెట్టకూడదు, గని ఎర్ర ధూళి అంటుకుని బంతులు కాస్తా ఇటుకముక్కలవుతాయి. లోపల దోమతెర కింద ఆరబెట్టాను. నా తెలివికి నేనే తెగ మురిసిపోయాను.

ఆ పెట్టెలోనే ఎదురింటి అక్క కూతురి కార్డు కనిపించింది. వాళ్ళది భద్రాచలం వైపు. అంతకు ముందు ఏడాది, కార్డులు పంచేశాక ఆ సంబంధం చెడింది. తప్పు అబ్బాయి వాళ్ళదే, అయినా మాట పడేది ఆడపిల్లే కదా. అక్క ఇల్లిల్లూ తిరిగి కార్డులు వెనక్కి అడిగి తీసుకుంది.

"మా కార్డు ఉన్నదా చెల్లె? ఉంటే ఇచ్చెయ్యి. ఇండ్లల్ల ఉండుడు మంచిగుండదు" అంది మా గుమ్మంలో నిలబడి.

వెతకడానికి ఒళ్ళు బరువై "ఎక్కడో పోయిందక్కా" అనేశాను.

దొరికినప్పుడైనా తీసుకెళ్ళి ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. ఆ కార్డు మీద ఒక ఇప్పకొమ్మ, కొమ్మ మీద రెండు పావురాలు. ఆ పిల్ల తన చేత్తో గీస్తే జగదల్‌పూర్‌లో అచ్చు వేయించారు. అంత అందమైన బొమ్మ ఇంకే కార్డు మీదా లేదు. పేర్లు లోపలి కాగితం మీద కదా ఉన్నాయి, పావురాలు ఎవరివని ఎవరికి తెలుస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆశ పడ్డాను, అంతే. బంతి చుట్టూ అతికించాను.

పండగకు ముందే చర్చిలో జరుపుకునే సెమీ క్రిస్మస్ నాడు సాయంత్రం, బంతులన్నీ చెట్టుకు కట్టేశాక, అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. పట్టుచీర కట్టుకుంది.

"ముందల కూసున్న ముసలామెను చూసినవా? పిల్లగాని నాయనమ్మ. పండుగ పేరు చెప్పి మా పిల్లను చూసుటానికి వచ్చిన్రు," అంది నా చెవిలో. "పాత ముచ్చట వాళ్ళకు తెల్వది. ఎవలూ నోరు జారకుండ జర చూసుకో చెల్లె."

చెట్టుకు కట్టిన పావురాల బంతి గుర్తొచ్చింది. లేచి చెట్టు దగ్గరికి పోబోతుంటే పాట మొదలై అందరూ నిలబడ్డారు. పాటంతా నా కళ్ళు ఆ బంతి మీదే ఉన్నాయి. ప్రార్థన ముగిసి నేను జనంలోంచి బయటపడేలోపు ముసలామె అక్కడికి చేరుకుంది. అన్ని బంతులున్నాయా, ఆమె చెయ్యి సరిగ్గా దాని మీదికే పోయింది.

"ఇది ఎవలు చేసిన్రు? పావురాలు ఎంత సక్కగున్నయ్!"

ఎవరో నన్ను చూపించారు. "ఏదో వీడియో చూసి..." అని నసిగాను. అక్కడే టీ అందిస్తున్న అక్క కూతురు ఆగింది. బంతిని చూసింది, నన్ను చూసింది. ఆ మొహంలో కోపం లేదు. ఉంటే తట్టుకునేదాన్ని.

"పావురాలు నేను గీసిన అమ్మమ్మా," అంది ముసలామెతో. "నా పెళ్ళి కార్డు మీదికి. ఆ పెళ్ళి కాలే."

ముసలామె చెయ్యి వెనక్కి తీసుకుంది. "గీ ముచ్చట మాకు చెప్పలేదేందమ్మా?" అని అక్కను అడిగింది. అక్క తల వంచుకుంది. ఈ పిల్ల తప్పేమీ లేదని, కాలనీ మొత్తానికి తెలుసని ఒక్క మాట నేను చెప్పొచ్చు. చెప్పలేదు.

వాళ్ళు మర్యాదస్తులు. బిర్యానీ తిని, "మాట్లాడుకుని చెప్తం" అని జీపెక్కారు. ఇప్పటిదాకా కబురు లేదు. అక్క నాతో మాట్లాడటం మానెయ్యలేదు, ఇప్పటికీ కరివేపాకు తెచ్చి ఇస్తుంది. తీసుకునేటప్పుడు ఆమె మొహం చూడలేను.

ఆ రోజు జీపు వెళ్ళాక లోపలికి వస్తే, ఆ పిల్ల చెట్టు దగ్గర ఒక్కతే ఉంది. బంతి విప్పి చేతిలో పట్టుకుని, పావురం అంచును గోటితో గీకుతోంది. దగ్గరికి వెళ్ళి "అమ్మా, నేను..." అన్నాను. తను బంతిని నా అరచేతిలో పెట్టింది.

"లేస్తలేదు పిన్నీ," అంది. "మంచిగ అతికించినవ్."