హెడ్‌ఫోన్‌లో విన్న దెబ్బ

ఆమెను అందరూ మైకక్క అనేవారు. సభలకు మైకులు అద్దెకిచ్చే చిన్న దుకాణం ఆమెది. ఎడమ చెవి పనిచేయదు; పెళ్ళైన మూడో ఏట మొగుడు కొట్టిన దెబ్బకు కర్ణభేరి చిరిగిపోయింది. అతన్ని వదిలేసి వచ్చాక, మిగిలిన ఒక్క చెవితోనే బతుకు నెట్టుకొచ్చింది.

ఒక నాటక బృందం తమ నాటకాన్ని వీడియో తీయించుకోవాలనుకుంది. మాటలు పట్టడానికి మైకక్క దగ్గరున్న మంచి మైకులు రెండే. ఒకదాన్ని వేదిక మధ్య బల్ల మీది పుస్తకాల చాటున దాచింది. రెండోది వైరు లేనిది, గుండీ అంత చిన్నది. దాన్ని దూదిలో చుట్టి, గుడ్డ రాపిడి వినపడకుండా, కథానాయిక జాకెట్టు మెడపట్టీలో పెట్టి కుట్టింది. హాల్లో ఫ్యాన్లన్నీ ఆపించింది.

కుడుతున్నప్పుడు ఆ నటి మెడ మీద నల్లగా కమిలిన వేలిముద్రలు కనిపించాయి.

"ఇదేంటమ్మా?"

"రిహార్సల్లో తగిలిందక్కా." గొంతు తగ్గించింది. "ఈ షూటింగ్ అయ్యాక ఆయన్ని వదిలేస్తున్నా. పొద్దున్నే చెప్పేశా."

ఆయనంటే ఆమె భర్త. బృందానికి యజమాని. నాటకంలోనూ భర్త వేషమే.

చివరి అంకంలో భర్త భార్యను కొట్టి గొంతు నులమాలి. వేదిక మీద చెంపదెబ్బంటే కొట్టేవాడు చెయ్యి విసురుతాడు, దెబ్బ తినేవాళ్ళు చాటుగా అరచేతులు చరుచుకుంటారు. ఆ చప్పుడు పొడిగా ఉంటుంది. ఆ మధ్యాహ్నం హెడ్‌ఫోన్‌లో వినిపించింది అది కాదు. మెత్తగా, ఎముక దాకా దిగిన దెబ్బ. వెంటనే పళ్ళ బిగువున గుసగుస: "వదిలేసి పోతావా? పో. పైకే పో." తర్వాత గురగుర. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఆపండి! చంపేస్తున్నాడు!" అని అరిచింది మైకక్క.

"అరవకక్కా, సీన్ అదిరిపోతోంది," అని కెమెరామన్ విసుక్కున్నాడు.

ఆమె హెడ్‌ఫోన్ పీకి పారేసి, ఇనుప మైకు స్టాండుతో వేదికెక్కి ఆ భర్త మోచేతి మీద ఒక్కటి వేసింది. అతను నటిని వదిలి మైకక్క నోటి మీద గుద్దాడు. రెండు పళ్ళు ఊడి నాలుక మీద పడ్డాయి. అతను మళ్ళీ నటి మీదికి వంగాడు. ఈసారి స్టాండును తిరగేసి, బరువైన దిమ్మతో మోకాలి మీద మోదింది. ఎముక పటుక్కుమంది. అతను కూలిపోయాడు. అయినా మళ్ళీ మోదింది. అవసరం లేకపోయినా మూడోసారీ మోదింది.

నటి మొహం నీలంగా మారిపోయింది. ముసలి మేకప్‌మన్ ఆమె నోట్లోకి ఊపిరి ఊదగా ఊదగా ఆమె దగ్గింది.

"నటనలో లీనమైపోయాడంతే," అని స్టేషన్లో బృందమంతా ఒకే మాట మీద నిలబడింది. కాలు విరగ్గొట్టిన మైకక్క మీదే కేసు పెట్టమన్నారు. ఆమె నోట్లో రక్తం తుడుచుకుని రికార్డింగ్ వినిపించింది. ఇన్‌స్పెక్టర్ ఆ గుసగుసను మూడుసార్లు విన్నాడు. తర్వాత అతని మీద హత్యాయత్నం కేసు రాశాడు.

అతనికి ఏడేళ్ళు పడింది.

తీర్పు వచ్చిన వారానికి నటి దుకాణానికొచ్చింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. రికార్డింగ్ వింటానంది. మైకక్క వద్దన్నా పట్టుబట్టింది. కదలకుండా చివరిదాకా విని, కళ్ళు తుడుచుకుంది.

"ఇక వేషం కట్టనక్కా. ఈ పని నేర్పుతావా?"

"ముందు ఆ చెవిపోగులు తియ్యి," అంది మైకక్క. "హెడ్‌ఫోన్ కింద గుచ్చుకుంటాయి."