భ్రమరాంబ ఆర్గను, అచ్యుతరామయ్య స్ప్రింగులు

అచ్యుతరామయ్యకి లీకంటే ఒళ్ళుమంట. రేవు వర్క్‌షాపులో వాల్వులు బాగుచేసే ఫిట్టరు మరి. తన చేతిమీదుగా వెళ్ళిన వాల్వు దగ్గర ఒక్క చుక్క కారినా ఆ పూట అన్నం సయించేది కాదు. గోపాలపట్నంలో తామున్న అద్దెయింట్లో కుళాయి కారితే ఇంటివాడికి కబురైనా పెట్టకుండా తనే విప్పేసేవాడు. అలాంటి మనిషి భార్యకోసం ఇంట్లోనే ఆర్గను తయారుచేయడానికి పూనుకున్నాడు. ముచ్చటైన పనే. ఎటొచ్చీ దాన్ని కూడా వాల్వు బాగుచేసినట్టే చేశాడు.

భార్య భ్రమరాంబది అమలాపురం దగ్గర పల్లె. పెళ్ళికి ముందు హార్మోనియం నేర్చుకుంది. డెబ్బై రెండులో కాపురానికి విశాఖపట్నం వస్తూ ఆ పెట్టెను కూడా తెచ్చుకుందామనుకుంది గాని, అది తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. ఆ సంగతి ఒక్కసారే, అదీ నవ్వుతూ చెప్పింది. ఆయన మనసులో మాత్రం అలా నాటుకుపోయింది. మరమ్మతుకని ఓ విదేశీ ఓడ ఎక్కినప్పుడు అక్కడి హాల్లో వేళ్ళతో నొక్కే మెట్లు రెండు వరసలున్న ఆర్గను చూశాడు. అంతే, అలాంటిదే చేయాలనుకున్నాడు. మూతబడ్డ నాటకాల కంపెనీ ఒకటి పారేయబోతున్న, కాళ్ళతో తొక్కే హార్మోనియం సంపాదించి, స్వరం పలికే దాని రీడ్లూ, గాలి ఊదే తిత్తులూ ఉంచుకుని, ఓడల్లో యంత్రాలొచ్చే పెట్టెల చెక్కతో బల్లా మెట్లూ సొంతంగా చేసుకున్నాడు.

అన్నీ కుదిరాయి, ఒక్క స్ప్రింగులు తప్ప. మెట్టు మెట్టుకీ అడుగున ఒక గాలి కన్నం, దానిమీద తోలు మూత ఉంటాయి. మెట్టుమీంచి వేలు తీయగానే ఆ మూతని మళ్ళీ బిగించేది చిన్న స్ప్రింగు. పాతవి సముద్రపు గాలికి తుప్పుపట్టి చేతిలోనే విరిగాయి. ఇంట్లో ఉన్న బాల్‌పెన్నులన్నీ స్ప్రింగుల్లేక మూలపడ్డాయి. ఆ పెన్ను స్ప్రింగుల బలమూ చాలలేదు. సందులోంచి గాలి తప్పించుకుని, ఎవరూ ముట్టకుండానే రీడు మూలిగేది. ఆ మూలుగు ఆయన భరించగలడా? చివరికి పూర్ణా మార్కెట్టు వెనక తుక్కు కొట్లో గట్టి ఉక్కు తీగ పట్టుకుని, సైకిలు చువ్వకి చుట్టి, ఆదివారాలన్నీ వాకిట్లో కూర్చుని స్ప్రింగులు చేశాడు. ఈసారి తిత్తులు ఎంత తొక్కినా గాలి పిసరంతైనా బయటికి రాలేదు.

తోటి ఫిట్టరు సన్యాసిరాజు చూడ్డానికొచ్చి ఒక మెట్టు నొక్కాడు.

"ఏటి బావా, ఇంత బిర్రుగా ఉంది? నానైతే నొక్కగల్ను. సెల్లెమ్మ ఏళ్ళకి లొంగుతాదేటి?"

"లీకుందా? ముందు అది చెప్పు," అన్నాడు అచ్యుతరామయ్య.

"లీకు నేదు గానీ..."

"మరింకేం!"

ఆ శనివారం అచ్యుతరామయ్య ఇంట్లో భజన పెట్టారు. వీధి వీధంతా వచ్చింది. భ్రమరాంబ తలంటుకుని, మంచి చీర కట్టుకుని ఆర్గను ముందు కూర్చుంది. కీర్తన నిదానంగా నడిచినంతసేపూ బాగానే ఉంది. జోరందుకునేసరికి సగం స్వరాలు పలికితే సగం పలకలేదు. పాడేవాళ్ళు తడబడి తడబడి ఆపేశారు. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"పుట్టింట్లో తెగ వాయించేదాన్నని కోసిన కోతలు ఇవన్నమాట!" అన్నాడు అచ్యుతరామయ్య నవ్వుతూ. "వాయిద్యంలో వంక లేదండోయ్. వంకంతా వేళ్ళలోనే."

అందరూ నవ్వారు. భ్రమరాంబ కూడా నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆ బల్ల ముందు కూర్చోలేదు. ఎవరైనా అడిగితే ఇంటిపని తెమలడం లేదనేది. ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదిగా ఆర్గనుమీద ఇస్త్రీబట్టలు చేరాయి. ఆయనకి లోపల ఉడుకుగా ఉండేది. ఇంత కష్టపడి చేస్తే విలువ లేకుండా పోయిందని ఒకటి రెండుసార్లు పైకే అన్నాడు కూడా. ఆవిడ ఆ బట్టలే సర్దుకునేది.

ఎనభై మూడు వానాకాలంలో ఆయన సైకిలు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక వేళ్ళలో పట్టు లేదు. వేళ్ళకి పని చెప్పమన్నాడు డాక్టరు. భ్రమరాంబ బజారుకెళ్ళిన ఓ మధ్యాహ్నం, బట్టలు పక్కన పెట్టి ఆర్గను ముందు కూర్చున్నాడు. తిత్తులు తొక్కుతూ చిటికెనవేలితో మెట్టు నొక్కాడు. కదల్లేదు. ఉంగరం వేలితో నొక్కాడు. సగం దిగి, వేలిని పైకి నెట్టేసింది. రెండు వేళ్ళూ కలిపి నొక్కితే నొప్పి మోచేతిదాకా పాకింది. చెయ్యి ఇంకా బాగుపడలేదు కాబోలని మొదట అనుకున్నాడు. ఆ తరవాత భ్రమరాంబ సన్నటి వేళ్ళు గుర్తొచ్చి, సిగ్గుతో కుంచించుకుపోయాడు. నలుగురిలో తాను అన్న మాట చెవుల్లో మోగింది.

సన్నతీగ కోసం ద్వారకా నగర్లో టైపు మిషన్లు బాగుచేసే ఎల్లాజీ దగ్గరికి వెళ్ళి, వేళ్ళకి తేలిగ్గా లొంగే స్ప్రింగులు చుట్టాలన్నాడు.

"ఎవులి ఏళ్ళకండీ?" అనడిగాడు ఎల్లాజీ, తీగలు వెతుకుతూ.

"మా ఆవిడ వేళ్ళకి," అన్నాడు. ఆర్గను చేసినన్నాళ్ళూ ఆ ప్రశ్న ఆయనకి తట్టనేలేదు.

స్ప్రింగులు చుట్టడానికి చెయ్యి సహకరించలేదు. సన్యాసిరాజు వచ్చి చువ్వ తిప్పుతూంటే, తాను ఎడంచేత్తో తీగ పట్టుకున్నాడు. 'అప్పుడే సెప్పినాను కదా బావా' అంటాడని చూశాడు. సన్యాసిరాజు ఆ మాట అననేలేదు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండుననిపించింది. కొత్త స్ప్రింగులు పెట్టాక ఒకటి రెండు రీడ్లు సన్నగా మూలిగాయి. మూలగనీ, అనుకున్నాడు అచ్యుతరామయ్య.

భ్రమరాంబని పిలిచాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక మెట్టుమీద వేలు పెట్టింది. మెత్తగా దిగింది. ఆశ్చర్యంగా ఆయనకేసి చూసి, కూర్చుని కీర్తన ఎత్తుకుంది. పల్లవి దాటగానే చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"తరవాతది మర్చిపోయానండీ," అంది. "ఎన్నాళ్ళయిందో కదా."

"మెట్లు గట్టిగా ఉన్నాయని ఆ రోజే ఒక్కమాట చెప్పకపోయావా?"

"చెప్పానండీ," అంది మెత్తగానే. "భజనకి ముందురోజు చెప్పాను, వేళ్ళు నొప్పెడుతున్నాయని. అదే అలవాటవుతుందిలే అన్నారు మీరు."

ఆయన ఎంత ఆలోచించినా అది గుర్తురాలేదు. అనుంటాడనడంలో మాత్రం అనుమానం లేదు. అచ్చంగా తన మాటే.

నలుగురిలో అన్నమాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి కదా. మళ్ళీ భజన పెట్టి అందర్నీ పిలిచాడు. పాటలయ్యాక లేచి నిలబడ్డాడు.

"వెనకోసారి ఇక్కడే మా ఆవిడ వేళ్ళలో వంకుందని మీ అందరిముందూ నవ్వాను. ఆవిడ వేళ్ళకే వంకా లేదు. స్ప్రింగులు మరీ గట్టిగా చేసింది నేను. తప్పు నాది."

జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఎప్పుడు బాబూ?" అంది పక్కింటి గంగాలమ్మ. "నాకేటీ గురుతు నేదు."

"పోన్లే బావా," అన్నాడు సన్యాసిరాజు. "ఎప్పుడో ఏటో అనుంటావు. అయ్యన్నీ ఎవులికి గురుతుంటాయి?"

నిజంగానే ఎవరికీ గుర్తులేదు. అచ్యుతరామయ్య భ్రమరాంబకేసి చూశాడు. ఆవిడ అందరికీ ప్రసాదం పెడుతోంది. తలెత్తలేదు. పెదవులు బిగబట్టి, కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేక, అలాగే ఒక్కొక్కరికీ పెట్టుకుంటూ వెళ్ళింది.