నల్లగా పండే గోరింట

సత్తమ్మ జడను ఆమెకు చెప్పకుండానే అమ్మకానికి పెట్టారు. నాచారంలో ఒక చిన్న షెడ్డులో తలకు పెట్టుకునే గోరింట పొడిని డబ్బాల్లోకి నింపడం ఆమె పని. 2009 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని, గోడ నీడన కూర్చుని మోకాళ్లు దాటే జడ అల్లుకుంటుంటే, యజమాని విక్రమ్ వెనక నుంచి ఫొటో తీశాడు. నెల తిరగకుండా ఆ జడ డబ్బా మీదికి ఎక్కింది.

డబ్బా మీది మాటలు కొమురెల్లివి. అతను ఉప్పల్‌లో డీటీపీ పని చేసేవాడు. డిగ్రీ మధ్యలో మానేసి, కోఠి ఫుట్‌పాత్ మీద దొరికే పాత పుస్తకాలతో తనకు తానే చదువుకున్నవాడు. అంత చదివినా ఎవరూ లెక్కచేయలేదన్న కసి అతనికి ఉండేది. కొనేవాళ్లను లోలోపల వెక్కిరిస్తూనే రాశాడు: "నల్లగా పండే సహజమైన గోరింట. రసాయనాలు లేవు. ఈ జడే సాక్ష్యం."

సత్తమ్మది అతను అద్దెకున్న గల్లీయే. చదువు రాదు. కొత్త డబ్బా పట్టుకుని వచ్చింది.

"జడైతే నాదే బిడ్డా. ఏం రాసిండ్రో జర సదివి సెప్పు."

చదివాడు. ఆమె నవ్వింది.

"గోరింట నల్లగ పండుడేంది? ఎర్రగ పండుతది గదా. ఎవడో గోరింట పెట్టని ఇంట్ల పుట్టినట్టున్నడు."

కొమురెల్లి తల దించుకున్నాడు. తన జడ దుకాణాల్లో కనబడుతోందని ఆమె కొంచెం మురిసింది కూడా. షెడ్డు లోపలి గదిలో పొడిలో ఏం కలుపుతారో పనివాళ్లను చూడనిచ్చేవారు కాదు.

రెండు నెలలకు పక్కింటి రాజ్యం ఆ పొడి తలకు పెట్టుకుంది. తెల్లారేసరికి నుదురు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. నలుపు కోసం కలిపిన మందు పడలేదని దవాఖానాలో చెప్పారు. చూడటానికి వెళ్లిన సత్తమ్మ చేతిని రాజ్యం తడిమి పట్టుకుంది.

"నీ జడ జూసే కొన్న సత్తక్కా."

ఆ మాటలో కోపం లేదు.

మర్నాడు ఆమె విక్రమ్ ముందు నిలబడింది. అచ్చు ప్రూఫులు తెచ్చిన కొమురెల్లి అక్కడే ఉన్నాడు.

"డబ్బ మీదికెల్లి నా జడ తీసెయ్యి సారు."

"అందులో నీ ముఖం ఉందా? వెనక నుంచి చూస్తే ఎవరి జడైనా ఒకటే."

"గల్లీ మొత్తం గుర్తువడుతున్నది. నన్ను నమ్మి కొంటున్రు."

"కొననీ. నీకేం నష్టం?"

సత్తమ్మ తెల్లారి ఉప్పల్‌లో మొదటి బస్సెక్కి యాదగిరిగుట్టకు పోయింది. సాయంత్రం నున్నటి గుండుతో, దాని మీద గంధంతో దిగింది. ఇంటికి పోకుండా, ఆ డబ్బాలు అమ్మే నాచారం ఫ్యాన్సీ దుకాణం ముందు నిలబడింది.

గుండుతో ఉన్న ఆడమనిషిని పలకరించకుండా పోయేవాళ్లు ఈ వైపు ఎవరుంటారు?

"గుట్టకు పోయొచ్చినవా అక్కా? ఏం మొక్కు?"

"మొక్కు గాదమ్మ. ఆ డబ్బ మీది జడ నాది. కుంకుడుకాయ తప్ప దానికేం పెట్టలే. ఆ పొడి పెట్టుకుంటె రాజ్యం మొఖం ఉబ్బింది. నా జడ జూసి ఇంకెవ్వలు కొనొద్దని తీసేసిన."

"గుండు గూడ మంచిగనే ఉన్నది అత్తా" అందో కాలేజీ పిల్ల.

"అవ్ బిడ్డా, దువ్వెన పని తప్పింది."

నాలుగు సాయంత్రాలు అలాగే నిలబడింది. అడిగిన ప్రతి మనిషికీ అదే జవాబు, అంతే నెమ్మదిగా. ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడి చూస్తున్న కొమురెల్లికి చేతిలో చాయ్ చల్లారిపోయేది. లోకాన్ని మార్చిన మనుషుల గురించి ఎన్నో పుస్తకాలు చదివాడు. అలాంటి మనిషి తన గల్లీలోనే ఉంటుందని ఏనాడూ అనుకోలేదు. నాలుగో రోజు దగ్గరికి వెళ్లాడు.

"అత్తా, ఆ మాటలు రాసింది నేనే."

"ఎరుకే. ఆ దినం సదివేటప్పుడు నువ్వు డబ్బ దిక్కు సూడనే లేదు."

తెలిసీ ఆమె ఇన్నాళ్లు ఒక్క మాట అనలేదు.

ఐదో రోజు దుకాణదారు డబ్బాలు తిప్పి పంపాడు. సత్తమ్మ పని పోయింది. విక్రమ్ కొత్త డబ్బాకు ఎవరో అందగత్తె బొమ్మ, "ఆర్గానిక్" అనే మాట ఎంచుకున్నాడు. కొమురెల్లి చేయనంటే అంబర్‌పేటలో అచ్చు వేయించాడు. ఆ పొడి వేరే చోట్ల అమ్ముడుపోతూనే ఉంది. ఈ గల్లీలో మాత్రం కొన్నవాళ్లు లేరు.

సత్తమ్మ, కొమురెల్లి చివరిసారి కలిసింది 2014 జూన్‌లో, తెలంగాణ వచ్చిన వారానికి. ఆమె జుట్టు మళ్లీ నడుము దాకా పెరిగింది. కుంకుడుకాయలు దంచి పొడి అమ్ముతున్నానని, పొట్లాల మీదికి చీటీ కావాలని డీటీపీ సెంటర్‌కు వచ్చింది. కొమురెల్లి టైప్ చేసి చదివి వినిపించాడు: "సత్తమ్మ సహజమైన కుంకుడు పొడి."

"సహజం గిహజం ఒద్దు బిడ్డా. కుంకుడు పొడి అను, సాలు. కండ్లల్ల పడితె మండుతదని మాత్రం పెద్దగ రాయి."