బహుమతి వేదికపై వట్టి కాళ్లు

విజయనగరంలో ఒక ఆసుపత్రిలో నేను నర్సుగా పనిచేస్తున్న రోజులవి. షుగరు జబ్బుతో పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవకూడదని ఒక వైద్య పత్రికకు వ్యాసం రాశాను. పుండ్ల చికిత్స మీద వచ్చిన మంచి వ్యాసాలకిచ్చే బహుమతి దానికి వచ్చింది. నా చేతుల మీదుగా కాలి పుండు మానిన నెల్లిమర్ల రైతు అప్పలనాయుడు గారిని కూడా సభకు పిలిచారు.

వేదిక మీద ముందుగా దీపం వెలిగించాలి. అందుకని పెద్ద డాక్టర్లంతా బూట్లు కింద విడిచి ఎక్కారు. నేనూ విడిచాను, నాయుడు గారూ విడిచారు. "ఒక్క అడుగైనా చెప్పులు లేకుండా వేయరాదు" అని నా వ్యాసంలోంచి ఒకాయన చదువుతుంటే, వట్టి కాళ్లతో నిలబడి అందరం చప్పట్లు కొట్టాం.

అంతలో ముందు వరుసలోంచి ఒకావిడ అరిచింది. "ఓలమ్మా, రగతం!"

తెల్లటి తివాచీ మీద నాయుడు గారి అడుగులు ఎర్రగా పడి ఉన్నాయి. వేదిక చెక్కలోంచి లేచిన మేకు ఆయన పాదంలో దిగింది. ఆయనకు తెలియనే లేదు. అంతమంది పుండ్ల నిపుణుల్లో ఒక్కరి దగ్గరా కట్టు గుడ్డ లేదు. నాకు కప్పిన సన్మానపు శాలువాతోనే పాదాన్ని అదిమి పట్టాను.

"చెప్పులు విప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాను మావా!" అని కసిరాను.

ఆయన నా కాళ్ల వైపు చూశారు. "నువ్వూ ఇప్పేవు కదమ్మా!"

ఆ గాయం మానడానికి చాన్నాళ్లే పట్టింది. కట్టు మార్చినప్పుడల్లా ఆయనది ఒకటే మాట. "దీని మీద కూడా రాసీయమ్మా, మళ్లీ బవుమతొస్తాది. అక్కడ దీపం ఎలిగిస్తారేటో మాత్రం ముందే కనుక్కో."